చిన్న రివాల్వర్ ఎంచుకోవడం ఎలా: ఒంటిమీద మోయడానికా, అడవి దారులకా?

చిన్న రివాల్వర్ కొనాలనుకునేవాళ్లు ముందు అడిగేది దాదాపు ఒకటే: "ఏ మోడల్ తీసుకోమంటారు?" ఒక పేరు చెప్పేస్తే ఆ పూటకు పని అయిపోతుంది కానీ దానివల్ల మీకు మేలు జరగదు. ఇద్దరి చేతులు ఒకలా ఉండవు, ఇద్దరి అవసరమూ ఒకటి కాదు. పైగా ఈ తరహా తుపాకీల్లో చూడగానే నచ్చేది ఒకటైతే, వాడుకలో నిలిచేది ఇంకొకటి. కౌంటర్ దగ్గర చేతిలోకి తీసుకోగానే "ఎంత తేలిగ్గా ఉందో" అనిపించిన రివాల్వరే రేంజ్‌లో, అంటే కాల్పులు సాధన చేసే చోట, అరచేతిని అన్నిటికంటే గట్టిగా తంతుంది. అలా కొన్నవాళ్లు చాలామంది మొదటి పెట్టె తూటాలు కూడా పూర్తిగా కాల్చరు. సాధన లేని తుపాకీ అవసరానికి ఆదుకోదు, పక్కవాళ్లకు ప్రమాదం కూడా.

అందుకే ఇక్కడ చెప్పేదంతా ఒక్క కొలత చుట్టూ తిరుగుతుంది. ఒక పెట్టె, అంటే 50 తూటాలు ఒకే విడతలో కాల్చాక, మర్నాడు మళ్లీ రేంజ్‌కి వెళ్లాలనిపించే రివాల్వర్ ఏదో అదే మీది. మిగతా లక్షణాలన్నీ దాని తర్వాతే.

కొనే ముందు

చట్టం సంగతి మొదట తేల్చుకోండి. తుపాకీ కలిగి ఉండటానికి అనుమతి వేరు, దాన్ని బట్టల కింద పెట్టుకుని తిరగడానికి అనుమతి వేరు. చాలా దేశాల్లో రెండోది సామాన్యులకు దొరకదు. అమెరికాలో కూడా ఒక రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ పక్క రాష్ట్రంలో చెల్లకపోవచ్చు. కొన్నిచోట్ల కాలిబర్ (తూటా సైజు) మీద, బ్యారెల్ (గొట్టం) పొడవు మీద పరిమితులు ఉంటాయి. అభయారణ్యాలకూ పార్కులకూ నియమాలు వేరే. ఎవరో చెప్పారని నమ్మకుండా లైసెన్స్ ఇచ్చే ఆఫీసులోనే కనుక్కోండి.

ఇంకో మాట. ఇంట్లో ఎవరైనా తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉంటే, ప్రాణం మీద విరక్తి మాటలు వినిపిస్తుంటే, కొనడం వాయిదా వేయండి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

కావలసినవి

- ఒకటి కంటే ఎక్కువ రివాల్వర్లు అద్దెకు ఇచ్చే రేంజ్, లేదా తన తుపాకీ మీచేత కాల్పించే అనుభవజ్ఞుడు
- కళ్లద్దాలు, చెవులకు రక్షణ. పొట్టి బ్యారెల్ నుంచి పేలే .357 మాగ్నమ్ తూటా శబ్దం 160 డెసిబెల్స్ దాటుతుంది. ఇండోర్ రేంజ్ అయితే లోపల ఇయర్ ప్లగ్స్, పైన ఇయర్ మఫ్స్ రెండూ పెట్టుకోండి
- స్నాప్ క్యాప్స్, అంటే మందు లేని డమ్మీ తూటాలు
- మీరు రోజూ వేసుకునే ప్యాంటు, బెల్టు, చలికాలం కోటు
- సెకండ్ హ్యాండ్ కొనేటట్టయితే చిన్న టార్చ్, ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే రేకులు)
- తాళం ఉన్న పెట్టె. దీన్ని తుపాకీ తర్వాత కాదు, తుపాకీ కంటే ముందు కొనండి

అడుగు 1: పని ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి

"ప్యాంటు జేబులో రోజంతా ఉండాలి" అనేది ఒక పని. "కొండదారిలో నడిచేటప్పుడు నడుముకు ఉండాలి" అనేది ఇంకో పని. రెంటికీ ఒకే తుపాకీ కావాలంటే ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి. ఏది ముఖ్యమో ముందే రాసుకుంటే ఆ సర్దుబాటు ఎక్కడో మీరే నిర్ణయిస్తారు. రాసుకోకపోతే సేల్స్‌మన్ నిర్ణయిస్తాడు.

దాచి మోయడానికైతే: బట్టలకు చిక్కుకోని ఆకారం, 2 అంగుళాల లోపు బ్యారెల్, చెమటకు చెడని లోహం.

బయట తిరగడానికైతే: 3 అంగుళాలు లేదా ఆ పైన బ్యారెల్, చెయ్యి నిండా పట్టుకునే పిడి, సర్దుకోగల సైట్లు (గురి చూసే గుర్తులు). ఇక్కడ బరువు పెద్ద సమస్య కాదు.

జంతువుల గురించి స్పష్టంగా ఉండండి. గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే చోటికి చిన్న రివాల్వర్ సరిపోదు. అక్కడ వన్యప్రాణి అధికారులు సిఫారసు చేసేది బేర్ స్ప్రే (ఎలుగులను తరిమే ఘాటు స్ప్రే), అది చేతికి అందేలా పెట్టుకోండి. పాము కనిపిస్తే వెనక్కి జరగండి. రాళ్ల మధ్య కాలిస్తే బుల్లెట్ ఎటు ఎగిరిపడుతుందో తెలియదు. సన్న రవ్వలు నింపిన స్నేక్ షాట్ తూటాలు కూడా రెండు మీటర్లు దాటితే పెద్దగా పనిచేయవు.

అడుగు 2: బరువు

అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. రివాల్వర్ వెనక్కి ఎంత గట్టిగా తంతుందో తేల్చేవి రెండే: తూటా బలం, తుపాకీ బరువు. అదే తూటా తేలిక తుపాకీలో ఎక్కువగా తంతుంది, బరువైన దాంట్లో తక్కువగా తంతుంది. దీనికి దొడ్డిదారి లేదు.

సుమారుగా మూడు తరగతులు చెప్పుకోవచ్చు.

350 గ్రాముల లోపు: స్కాండియం, టైటానియం వాడినవి. స్మిత్ అండ్ వెస్సన్ 340పీడీ ఇలాంటిదే. జేబులో ఉన్నట్టే తెలియదు. మాగ్నమ్ (ఎక్కువ బలమున్న) తూటాలతో కాలిస్తే అనుభవం ఉన్నవాళ్లకు కూడా చెయ్యి నొప్పి పుడుతుంది. మొదటి తుపాకీగా దీన్ని నేను ఎవరికీ చెప్పను.

380 నుంచి 450 గ్రాములు: అల్యూమినియం, పాలిమర్ ఫ్రేములు. స్మిత్ అండ్ వెస్సన్ 642, రూగర్ ఎల్‌సీఆర్ (.38) ఈ గుంపులోవి. జేబుకు బరువనిపించవు, .38 స్పెషల్ మామూలు తూటాలతో సాధన చేయవచ్చు. దాచి మోసేవాళ్లలో ఎక్కువమందికి ఇక్కడే సరైనది దొరుకుతుంది.

550 గ్రాములు, ఆ పైన: పూర్తి ఉక్కు. స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 60, కింబర్ కే6ఎస్, రూగర్ ఎస్పీ101. జేబును కిందకు లాగేస్తాయి, బెల్టుకు మాత్రం చక్కగా కుదురుతాయి. కాల్చడానికి సుఖం. బయట తిరగడానికీ, మణికట్టు బలం తక్కువ ఉన్నవాళ్లకూ నా మొదటి సలహా ఈ గుంపే.

"చిన్న చేతులకు, ఆడవాళ్లకు తేలిక తుపాకీ బాగుంటుంది" అని దుకాణాల్లో చెబుతుంటారు. ఇది తిరగేసిన మాట. బలం తక్కువైన చేతికి బరువైన తుపాకీ, మెత్తటి తూటా కావాలి.

ఐదు తూటాలా ఆరా అన్నది కూడా ఇక్కడే వస్తుంది. 1927లో వచ్చిన కోల్ట్ డిటెక్టివ్ స్పెషల్ ఆరింటిని పట్టేది. 1950లో స్మిత్ అండ్ వెస్సన్ చీఫ్స్ స్పెషల్ ఐదింటితో వచ్చి సిలిండర్ (తూటాలు పట్టే గుండ్రటి భాగం) సన్నబడేలా చేసింది. ఆ తేడా ఇప్పటికీ అలాగే ఉంది: ఆరో తూటా కావాలంటే సిలిండర్ కొంచెం లావవుతుంది. జేబుకైతే ఐదు, బెల్టుకైతే ఆరు అనుకోండి చాలు.

అడుగు 3: కాలిబర్

.38 స్పెషల్: ఈ సైజు తుపాకీకి సరిగ్గా సరిపోయే తూటా. మెత్తగా తన్నే 148 గ్రెయిన్ (బుల్లెట్ బరువు కొలత) వాడ్‌కట్టర్ (ముందు భాగం చదునుగా ఉండేది) నుంచి ఎక్కువ ఒత్తిడి ఉండే ప్లస్ పి వరకు రకరకాలు దొరుకుతాయి. ప్లస్ పి వాడే ముందు తయారీదారు ఆ తుపాకీకి అనుమతించాడో లేదో మాన్యువల్‌లో చూడండి. పాత అల్యూమినియం ఫ్రేములకు చాలావాటికి అనుమతి లేదు.

.357 మాగ్నమ్: 1935లో వచ్చింది, పొడవైన బ్యారెల్‌లో గొప్ప తూటా. 2 అంగుళాల బ్యారెల్‌లో మందు పూర్తిగా కాలేలోపే బుల్లెట్ బయటికి వెళ్లిపోతుంది. మిగిలిన మందు మంటగా, చప్పుడుగా బయట పోతుంది. వేగం పెరిగే మాట నిజమే కానీ దానికి చెల్లించే ధర, అంటే తన్ను, మంట, రెండో తూటాకు పట్టే సమయం, చాలా ఎక్కువ. అయినా .357 ఛాంబర్ (సిలిండర్‌లో తూటా కూర్చునే గది) ఉన్న తుపాకీ కొనడంలో తప్పు లేదు, అందులో .38 తూటాలు వేసి కాల్చుకోవచ్చు. .38 తుపాకీలో .357 తూటాలు మాత్రం ఎప్పుడూ వేయకూడదు. .357 ఛాంబర్లలో .38లు ఎక్కువగా కాలిస్తే లోపల మసి వలయంలా పేరుకుంటుంది, తర్వాత .357 కేసులు (తూటాల లోహపు తొడుగులు) ఇరుక్కుంటాయి. మార్చే ముందు బ్రష్‌తో ఛాంబర్లు శుభ్రం చేయండి.

.327 ఫెడరల్ మాగ్నమ్: మామూలుగా ఐదు .38లు పట్టే సైజు సిలిండర్‌లో ఇవి ఆరు పడతాయి. .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్, .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ తూటాలు కూడా ఇందులో నడుస్తాయి. తన్ను తక్కువ కావాలనుకునేవాళ్లకు నిజంగా మంచి దారి. కొనేముందు మీ దగ్గర తూటాలు దొరుకుతాయా అని చూడండి.

.22: వేళ్ల కీళ్లు అరిగినవాళ్లకు, పెద్దవయసువాళ్లకు .38 భరించలేకపోతే ఇదే గతి, దాన్ని తక్కువ చేసి చూడనక్కరలేదు. రెండు ఇబ్బందులు మాత్రం తెలుసుకోండి. .22 లాంటి రిమ్‌ఫైర్ (అంచున దెబ్బతో పేలే) తూటాలు పేలకుండా ఉండిపోవడం సెంటర్‌ఫైర్ (మధ్యలో దెబ్బతో పేలే) వాటి కంటే ఎక్కువ. వాటిని పేల్చడానికి గట్టి దెబ్బ కావాలి కాబట్టి ట్రిగ్గర్ కూడా తరచుగా బరువుగానే ఉంటుంది. .22 తీసుకుంటే తేలిగ్గా లాగవచ్చని లెక్కేసుకున్నవాళ్లు నిరాశపడేది అందుకే.

ఆత్మరక్షణ తూటా ఎంచుకునేటప్పుడు పెట్టె మీది బొమ్మ చూడకండి. జెలటిన్ దిమ్మలో 12 నుంచి 18 అంగుళాల లోతుకు వెళ్లాలన్నది ఎఫ్‌బీఐ పరీక్షల కొలత. పొట్టి బ్యారెల్ కోసం తయారుచేసినవి కాకపోతే, హాలో పాయింట్ (కొనలో గుంట ఉన్న) బుల్లెట్లు చాలావరకు 2 అంగుళాల బ్యారెల్ ఇచ్చే వేగానికి విచ్చుకోవు. అందుకే చాలామంది అనుభవజ్ఞులు ఈ తుపాకీల్లో వాడ్‌కట్టర్లే పెట్టుకుంటారు. తన్ను తక్కువ, గురి బాగుంటుంది, లోతుకు వెళ్తుంది.

అడుగు 4: చేతిలో పెట్టి చూడండి

ముందు తుపాకీ ఖాళీ అని నిర్ధారించుకోండి. సిలిండర్ తెరవండి, ప్రతి ఛాంబర్ చూడండి, వేలితో తడమండి. ఇంకొకరు చూసి ఇచ్చినా మీరు మళ్లీ చూడాలి.

1. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య భాగం పిడి మీద వీలైనంత పైకి వచ్చేలా పట్టుకోండి. కిందకు పట్టుకుంటే పేలిన ప్రతిసారీ బ్యారెల్ మూతి పైకి లేస్తుంది.

2. చూపుడువేలు ట్రిగ్గర్ మీద ఎక్కడ పడుతోందో చూడండి. డబుల్ యాక్షన్‌కు (ట్రిగ్గర్ ఒక్కటి లాగితేనే హ్యామర్, అంటే తూటాను పేల్చే సుత్తి, లేచి పడే పద్ధతి) వేలి కొన మీది మెత్తటి భాగం నుంచి మొదటి కణుపు దాకా ఎక్కడైనా పర్వాలేదు. వేలి చివర మాత్రమే అందుతుంటే పిడి మీకు పెద్దది. రెండో కణుపు దాకా వెళ్లిపోతుంటే చిన్నది. చాలా మోడళ్లకు పిడి మార్చుకోవచ్చు, కాబట్టి దీనికోసం తుపాకీని వదులుకోకండి.

3. చిటికెన వేలికి చోటుందా? జేబు తుపాకీల పిడి పొట్టిగా ఉంటుంది, చిటికెన వేలు కిందకు మడుచుకోవాల్సి వస్తుంది. బెల్టుకు పెట్టుకునేదైతే చోటున్న పిడినే తీసుకోండి.

4. స్నాప్ క్యాప్స్ వేసి, దుకాణం వాళ్ల అనుమతితో, గోడవైపు చూపిస్తూ ట్రిగ్గర్ పదిసార్లు నిదానంగా లాగండి. ముందు సైట్ కదలకుండా ఎన్నిసార్లు లాగగలిగారు? ఈ సైజు తుపాకీల డబుల్ యాక్షన్ ట్రిగ్గర్‌కు 5 కిలోల చుట్టుపక్కల బలం పెట్టాలి, కొన్నిటికి అంతకంటే ఎక్కువ. ఏడో ఎనిమిదో సారికే వేలు వణుకుతుంటే ఇంకో మోడల్ చూడండి.

ట్రిగ్గర్ తేలిక చేద్దామని ఇంట్లో స్ప్రింగ్ కత్తిరించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. హ్యామర్ దెబ్బ బలహీనమై తూటా పేలదు, ఆ సంగతి ఎప్పుడు బయటపడుతుందో తెలియదు.

అడుగు 5: హ్యామర్ ఏ రకం?

బయటికి కనిపించే హ్యామర్ ఉంటే దాన్ని వెనక్కి లాగి సింగిల్ యాక్షన్‌లో తేలిగ్గా, గురిగా కాల్చవచ్చు. బయట తిరగడానికి, దూరం గురికి ఇది ఉపయోగం. జేబులోంచి తీసేటప్పుడు మాత్రం బట్టకు చిక్కుకుంటుంది.

హ్యామర్ లోపలే దాగి ఉన్నవి (642, ఎల్‌సీఆర్) చిక్కుకోవు. దాచి మోయడానికి ఇదే. మధ్యరకంగా పక్కలకు రక్షణ ఉండి, కొన మాత్రం పైకి కనిపించేవి (638) ఉన్నాయి కానీ ఆ సందులో దుమ్ము, నూలు పోగులు చేరతాయి.

ఆత్మరక్షణ కోసం కొంటుంటే సాధన మొత్తం డబుల్ యాక్షన్‌లోనే చేయండి. కంగారులో హ్యామర్ లాగి, తర్వాత కాల్చనక్కరలేదని దాన్ని మెల్లగా దించబోయి వేలు జారడం వల్ల జరిగే ప్రమాదాలు తప్పుతాయి.

అడుగు 6: బ్యారెల్, సైట్లు

బట్టల కింద నుంచి ఉబ్బెత్తుగా కనిపించేది పిడి, బ్యారెల్ కాదు. ప్యాంటు లోపల పెట్టుకునే హోల్‌స్టర్‌లో (తుపాకీ తొడుగు) 3 అంగుళాల బ్యారెల్ కూడా చక్కగా దాగిపోతుంది, కొంతమందికి అదే సుఖంగా ఉంటుంది కూడా. జేబుకు, చీలమండకు మాత్రం 2 అంగుళాల లోపువే కుదురుతాయి.

3 అంగుళాలకు ఇంకో లాభం ఉంది, చాలామంది గమనించరు. పొట్టి బ్యారెల్ కింద ఎజెక్టర్ రాడ్ (ఖాళీ కేసులను బయటికి నెట్టే కడ్డీ) కూడా పొట్టిదే, ఖాళీ కేసులు పూర్తిగా బయటికి రావు. పొడవైన .357 కేసులతో ఇది మరీ ఇబ్బంది. 3 అంగుళాల వాటిలో చాలావాటికి రాడ్ పూర్తి పొడవు ఉంటుంది. దుకాణంలో తెలియని ఈ తేడా రేంజ్‌లో కాల్చేటప్పుడు వెంటనే తెలుస్తుంది.

సైట్ల విషయానికొస్తే, ఫ్రేములోనే గాడి తీసిన నల్ల సైట్లు మసక వెలుతురులో కనిపించవు. ముందు సైట్ మార్చుకోగల మోడల్ చూసుకోండి, లేదా మెరిసే రంగు చుక్క పెట్టుకోండి. బయట తిరగడానికి వెనక సైట్ సర్దుకోగలది ఉంటే రకరకాల తూటాలకు గురి కుదుర్చుకోవచ్చు. రూగర్ ఎల్‌సీఆర్‌ఎక్స్ 3 అంగుళాల మోడల్‌లో అలాంటి సైటూ, బయటి హ్యామరూ, పెద్ద పిడీ ఉన్నాయి, బరువు 450 గ్రాముల దరిదాపుల్లోనే. రెండు పనులకూ ఒకే తుపాకీ కావాలనేవాళ్లు దీన్నీ, ఉక్కులో 3 అంగుళాల ఎస్పీ101నూ పక్కపక్కన కాల్చి చూడండి.

అడుగు 7: కాల్చి తేల్చుకోండి

కనీసం రెండు బరువుల రివాల్వర్లు అద్దెకు తీసుకుని, ఒకే రకం తూటాలతో కాల్చండి.

పిస్టల్ అలవాటున్నవాళ్లకు హెచ్చరిక: రెండో చేతి బొటనవేలు, వేళ్లు సిలిండర్ ముందుకు వెళ్లకూడదు. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందులోంచి మండే గ్యాస్ పక్కలకు చిమ్ముతుంది, వేలు కాలుతుంది, మాగ్నమ్ అయితే కోసుకుపోతుంది.

- 5 మీటర్ల దూరంలో ఐదు తూటాలు డబుల్ యాక్షన్‌లో, తొందర లేకుండా. అన్నీ అరచెయ్యి వెడల్పులో పడాలి.
- 10 మీటర్లలో ఐదు. అన్నీ ఒక ఏ4 కాగితంలో పడాలి.
- 5 మీటర్లలో ఒంటి చేత్తో ఐదు. కాగితం దాటకూడదు.
- ఆ తర్వాత పెట్టెలో మిగిలినవన్నీ.

మొదటిరోజే ఇవన్నీ రాకపోవచ్చు, పర్వాలేదు. ఏ తుపాకీతో దగ్గరగా వచ్చాయో, చివరి పది తూటాల్లో గురి చెదిరిందా అన్నదే చూడాలి. చివర్లో చెదిరితే ఆ జత మీకు ఎక్కువ: తూటా తగ్గించండి, లేదా తుపాకీ బరువు పెంచండి.

కుడిచేతివాళ్లకు తూటాలు కిందకు, ఎడమకు పడుతుంటే తప్పు తుపాకీది కాదు. ట్రిగ్గర్ లాగేటప్పుడు చెయ్యి మొత్తం బిగిస్తున్నారు. వేలు ఒక్కటే కదలాలి. ట్రిగ్గర్ మధ్యలో బిగుసుకుపోయినా, సిలిండర్ ఒక ఛాంబర్ దాటేసినా, మీరు ట్రిగ్గర్‌ను పూర్తిగా ముందుకు వదలకుండానే మళ్లీ లాగుతున్నారన్నమాట. స్నాప్ క్యాప్స్‌తో సాధన చేస్తే రెండూ పోతాయి.

టప్‌మని బలహీనంగా పేలినట్టు వినిపిస్తే వెంటనే ఆపేయండి. బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండవచ్చు, ఇంకోటి కాలిస్తే తుపాకీ పగులుతుంది. అసలు పేలకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగి తెరవండి.

తేలిక తుపాకీలకు ఇంకో పరీక్ష తప్పనిసరి. మీరు మోయబోయే తూటాలే ఐదు వేసి, నాలుగు కాల్చి, ఐదోది తీసి చూడండి. తన్నుకు దాని బుల్లెట్ కేసులోంచి ముందుకు జరిగిందా? కొత్త తూటా పక్కన నిలబెడితే తెలుస్తుంది. జరిగితే ఆ రకం తూటా ఆ తుపాకీకి పనికిరాదు, సిలిండర్ ముందు బయటికి పొడుచుకొచ్చి తిరగనివ్వదు. 340పీడీ బ్యారెల్ మీద 120 గ్రెయిన్లకు తక్కువ బుల్లెట్ వాడొద్దని రాసి ఉంటుంది. ఇలాంటి హెచ్చరికలు మీ తుపాకీ మీద ఉంటే వదలకుండా చదవండి.

స్థిర సైట్లున్న తుపాకీలో బుల్లెట్ బరువు మారితే దెబ్బ పడే చోటూ మారుతుంది: బరువైనవి కాస్త పైన, తేలికవి కాస్త కింద. అందుకే చివరి పరీక్ష ఎప్పుడూ మోసే తూటాతోనే.

అడుగు 8: సెకండ్ హ్యాండ్ అయితే

పాత రివాల్వర్ మంచిది దొరికితే కొత్తదానికి ఏమాత్రం తీసిపోదు. కింది పరీక్షలకు అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే అక్కడే వదిలేయండి. ఖాళీ అని చూసుకున్నాక:

1. ట్రిగ్గర్ చాలా నెమ్మదిగా లాగండి. హ్యామర్ పడేలోపే సిలిండర్ టక్కున బిగుసుకోవాలి. ప్రతి ఛాంబర్‌కూ విడిగా చూడాలి. ఒక్కటి ఆలస్యమైనా టైమింగ్ పోయినట్టే.

2. ట్రిగ్గర్ లాగి పట్టుకుని సిలిండర్‌ను పక్కలకు కదపండి. సన్నని కదలిక మామూలే, గలగలలాడకూడదు. ముందుకూ వెనక్కూ కూడా కదిపి చూడండి, అందులో కదలిక దాదాపు ఉండకూడదు.

3. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందులో ఫీలర్ గేజ్ పెట్టండి. 0.15 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటే బాగుంది. 0.25 దాటితే గ్యాస్, సీసం పొడి పక్కలకు ఎక్కువగా చిమ్ముతాయి.

4. టార్చ్ వేసి బ్యారెల్ వెనక చివర (ఫోర్సింగ్ కోన్) పగులు ఉందేమో చూడండి. దాని పైన ఫ్రేము మీద మంట కోసిన గీత సన్నగా ఉంటే పర్వాలేదు, లోతుగా ఉంటే వద్దు.

5. హ్యామర్ బయటికి ఉన్నదైతే వెనక్కి లాగి నిలిపి, బొటనవేలితో ముందుకు తోయండి. ట్రిగ్గర్ లాగకుండానే పడిపోతే ఆ తుపాకీ ప్రమాదకరం.

6. సిలిండర్ తెరిచి తిప్పండి. ఎజెక్టర్ రాడ్ ఊగుతుంటే వంగిపోయిందన్నమాట.

సినిమాల్లో లాగా మణికట్టు విదిలించి సిలిండర్ మూసేవాళ్ల తుపాకీ కొనకండి, మీరూ అలా మూయకండి. సిలిండర్‌ను మోసే చేయి వంగిపోతుంది, పైన చెప్పిన టైమింగ్ లోపాలు చాలావరకు అక్కడ మొదలవుతాయి.

మరీ పాతవి, హ్యామర్ బ్లాక్ గానీ ట్రాన్స్‌ఫర్ బార్ గానీ (ట్రిగ్గర్ లాగకుండా పేలనివ్వని భాగాలు) లేనివి మోయడానికి కొనవద్దు. కిందపడితే పేలవచ్చు.

అడుగు 9: హోల్‌స్టర్, అదనపు తూటాలు

హోల్‌స్టర్ లేకుండా జేబులో వేసుకోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. ట్రిగ్గర్ గార్డు మొత్తం కప్పే హోల్‌స్టర్ ఉండాలి, తుపాకీ బయటికి లాగినప్పుడు అది జేబులోనే ఉండిపోవాలి. ఆ జేబులో తాళాలు, చిల్లర, ఫోన్ ఏవీ ఉండకూడదు.

బయట తిరిగేవాళ్లకు పట్టీ ఉన్న హోల్‌స్టర్ కావాలి. ఎక్కేటప్పుడు, వాగు దాటేటప్పుడు జారిపోకూడదు. వీపు సంచి నడుము పట్టీ హోల్‌స్టర్ మీదకు వస్తుందేమో ఇంట్లోనే సంచి తగిలించుకుని చూడండి. వస్తే ఛాతీ హోల్‌స్టర్ ఆలోచించండి.

అదనపు తూటాలకు జేబులోనైతే పల్చటి స్పీడ్ స్ట్రిప్ (తూటాలు వరుసగా పట్టే పట్టీ), బెల్టుకైతే గుండ్రటి స్పీడ్ లోడర్ (తూటాలన్నీ ఒకేసారి సిలిండర్‌లోకి వేసేది). ఖాళీ కేసులు తీసేటప్పుడు మూతి ఆకాశం వైపు పెట్టి, రాడ్‌ను అరచేత్తో ఒక్క దెబ్బతో కొట్టండి. మెల్లగా నొక్కితే ఒక కేసు నక్షత్రం ఆకారంలో ఉన్న ఎక్స్‌ట్రాక్టర్ కింద ఇరుక్కుంటుంది, తీయడం కష్టం.

కొన్న తర్వాత మొదటి నెల

కనీసం 150 తూటాలు, అందులో కొన్ని మోయబోయేవి, ఒక్క ఆటంకం లేకుండా పేలాకే దాన్ని నమ్మండి. ఇంట్లో డ్రై ఫైర్ (నిజమైన తూటా లేకుండా ట్రిగ్గర్ లాగే) సాధన చేస్తే నిజమైన తూటాలు ఇంకో గదిలో తాళం వేసి ఉండాలి, ఎదురుగా బుల్లెట్‌ను ఆపగల గోడ ఉండాలి. రిమ్‌ఫైర్ అయితే స్నాప్ క్యాప్స్ లేకుండా డ్రై ఫైర్ వద్దు, మిగతావాటికి మాన్యువల్ ఏం చెబితే అది.

వారానికోసారి ఖాళీ చేసి, ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం కింద కాలని మందు రేణువులు, సందుల్లో నూలు పోగులు ఉన్నాయేమో చూసి బ్రష్‌తో తీసేయండి. నక్షత్రం కింద చిన్న రేణువు చేరినా సిలిండర్ బిగుసుకుపోతుంది. పక్క ప్లేటు స్క్రూలు వదులయ్యాయేమో చూడండి. స్టెయిన్‌లెస్ అని ఊరుకోకండి, చెమటకు అది కూడా మచ్చపడుతుంది. రాత్రి తీయగానే నూనె అద్దిన గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టి తాళం వేయండి. నూనె మాత్రం ఛాంబర్లలో మిగలకూడదు, తూటా ప్రైమర్‌లోకి (మందును రగిల్చే భాగం) దిగితే అది పేలకపోవచ్చు. జేబులో నెలల తరబడి చెమట తగిలిన తూటాలను సాధనకు వాడేసి, వాటి స్థానంలో కొత్తవి వేయండి.